పాత బుల్లెట్‌కి బోల్టు దొరకడం లేదా? అరుదైన నట్లు, బోల్టులు, స్టడ్‌లు వెతికి పట్టుకునే పద్ధతి

పాత బుల్లెట్ ఇంజన్ విప్పినవాళ్లకి ఈ ఇబ్బంది తెలిసే ఉంటుంది. తుప్పు పట్టిన స్టడ్ (తల లేకుండా రెండు చివర్లా థ్రెడ్ ఉండే కడ్డీ) ఒకటి పుటుక్కున విరుగుతుంది. లేదంటే ఎప్పుడో ఎవరో మెకానిక్ చేతికందిన బోల్టు దూర్చి బిగించేసి ఉంటాడు, థ్రెడ్ మొత్తం పోయి ఉంటుంది. ఆ ముక్క పట్టుకుని హార్డ్‌వేర్ షాపుకి వెళ్తే, ఆయన అటూ ఇటూ తిప్పి చూసి ‘ఇది రాదు సార్, ఓల్డ్ మోడల్’ అంటాడు. నాలుగు షాపులు తిరిగినా నాలుగు చోట్లా అదే మాట.

ఆ మాట నమ్మి ఏదో ఒకటి బిగించేయకండి. ఇలాంటి బోల్టుల్లో చాలావరకు ఇప్పటికీ తయారవుతున్నాయి. మన చేతిలో ఉన్నది ఏమిటో షాపాయనకీ తెలియదు, మనకీ తెలియదు, అందుకే దొరకడం లేదు. సైజు, థ్రెడ్, తల, పొడవు, బలం ఈ అయిదూ కాగితం మీద రాసి అడిగిన రోజున అదే వీధిలో దొరికిన సందర్భాలు నేను చాలా చూశాను. అందుకే ఈ వ్యాసంలో సగానికి పైగా కొలతల గురించే ఉంటుంది. బజారు తర్వాత వస్తుంది.

ఉదాహరణకి పాత బుల్లెట్‌నే తీసుకుంటున్నాను. పాత ఇంగ్లిష్ లేత్ మిషన్, ఆయిల్ ఇంజన్, పంపు, ఏది బాగుచేస్తున్నా పద్ధతి ఇదే.

అసలు చిక్కు ఎక్కడుంది

ఇంగ్లండ్ రెడిచ్‌లోని రాయల్ ఎన్‌ఫీల్డ్, మద్రాస్ మోటార్స్ కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టినప్పుడు బండితో పాటు దాని ఇంగ్లిష్ డ్రాయింగులూ వచ్చాయి. వాటిలో కొలతలన్నీ అంగుళాల్లోనే. మనమేమో తర్వాత మెట్రిక్‌లోకి మారిపోయాం. ఇప్పుడు మామూలు షాపులో బోల్టు అంటే ఎం6, ఎం8, ఎం10. పాత బండిలో మాత్రం నాలుగు రకాల థ్రెడ్‌లు ఎదురవుతాయి.

ఒకటి బీఎస్‌డబ్ల్యూ, అంటే విట్‌వర్త్. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన ముతక థ్రెడ్, కోణం 55 డిగ్రీలు. అల్యూమినియం కేసింగ్‌లోకి దిగే స్టడ్‌లకి ఎక్కువగా ఇదే వాడేవారు, ఎందుకంటే మెత్తటి లోహంలో సన్న థ్రెడ్ నిలవదు. రెండోది బీఎస్‌ఎఫ్. కోణం అదే 55, థ్రెడ్ మాత్రం సన్నం. మూడోది సైకిల్ థ్రెడ్, బీఎస్‌సీ అనీ సీఈఐ అనీ అంటారు. కోణం 60 డిగ్రీలు, ఎక్కువ సైజుల్లో అంగుళానికి 26 చుట్లు, పెద్ద సైజుల్లో 20 కూడా ఉంటాయి. నాలుగోది బీఏ, కరెంటు సామాన్లలోని చిన్న స్క్రూలకి. దాని కోణం 47.5 డిగ్రీలు. విచిత్రం ఏమిటంటే ఈ ఇంగ్లిష్ థ్రెడ్ కొలత మొదటి నుంచీ మిల్లీమీటర్లలోనే ఉంది: 0బీఏ అంటే 6 ఎం.ఎం. లావు, పిచ్ (ఒక చుట్టుకీ పక్క చుట్టుకీ మధ్య దూరం) 1 ఎం.ఎం.; 2బీఏ అంటే 4.7 ఎం.ఎం., పిచ్ 0.81. నంబరు పెరిగేకొద్దీ స్క్రూ చిన్నదవుతుంది.

వీటికి తోడు ఇన్నేళ్లలో చేతులు మారినప్పుడల్లా ఎవరికి దొరికింది వాళ్లు బిగించారు. కాబట్టి బండిలో ఇప్పుడున్న బోల్టు అసలుదే అని నమ్మకండి. వీలైతే బోల్టుతో పాటు అది దిగే రంధ్రాన్ని కూడా కొలవాలి.

మొదటి పని: ఏ జాతి బోల్టో తేల్చడం

కావలసినవి మూడు. లావు కొలిచే వెర్నియర్ ఒకటి, థ్రెడ్ పిచ్ గేజ్ (పళ్లున్న సన్నటి ఆకుల కట్ట) ఒకటి, మామూలు మెట్రిక్ పానాల సెట్. పిచ్ గేజ్ కొనేటప్పుడు 55 డిగ్రీల విట్‌వర్త్ ఆకులు, 60 డిగ్రీల మెట్రిక్ ఆకులు రెండూ ఉన్నది తీసుకోండి. ఒక్క మెట్రిక్‌దే కొంటే ఈ పనికి ఉపయోగం ఉండదు.

ముందు పానాతో మొదలుపెట్టండి, ఇది చాలామందికి తెలియని సులువు. బోల్టు తల మీద 13 పానా ఎక్కడం లేదు, 14 పెడితే వదులై మూలలు అరగదీస్తోంది. అలాగైతే అది దాదాపు కచ్చితంగా ఇంగ్లిష్ బోల్టు. 5/16 బీఎస్‌ఎఫ్ తల ఎదురెదురు అంచుల మధ్య 0.525 అంగుళం, అంటే 13.3 ఎం.ఎం. అలాగే 1/4 బీఎస్‌ఎఫ్ తల 11.3 ఎం.ఎం. కాబట్టి 11 పట్టదు, 12 జారుతుంది. 3/8 బీఎస్‌ఎఫ్ తల 15.2. అక్కడ 15 పట్టదు, 16 జారుతుంది.

పాత పానాల మీద అంకెలు చూసి కంగారు పడకండి. ‘1/4 డబ్ల్యూ’ అని రాసి ఉన్న పానా 5/16 బీఎస్‌ఎఫ్ బోల్టుకి సరిపోతుంది. ఆ అంకె విట్‌వర్త్ బోల్టు లావుని చెబుతుంది, తల వెడల్పుని కాదు. పైగా రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లోహం ఆదా కోసం విట్‌వర్త్ బోల్టుల తలని ఒక సైజు తగ్గించి బీఎస్‌ఎఫ్ తలతో సమానం చేశారు. అందుకే పాత పానాల మీద ఒకే నోటికి రెండు అంకెలు కనిపిస్తాయి.

ఇక వెర్నియర్. థ్రెడ్ పైభాగం మీద లావు చూడండి. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. 5/16 అంటే 7.94 ఎం.ఎం., ఎం8 అంటే 8 ఎం.ఎం. కానీ తయారైన బోల్టు ఎప్పుడూ పేరు మీది కొలత కన్నా కాస్త తక్కువే ఉంటుంది. వెర్నియర్ 7.85 చూపిస్తే అది ఎం8 కావచ్చు, 5/16 కూడా కావచ్చు. లావు ఒక్కటే చూసి ‘ఎయిట్ ఎంఎం’ అని అడిగితే షాపాయన ఎం8 ఇస్తాడు. అది రెండు మూడు చుట్లు చక్కగా తిరిగి, తర్వాత బిగుసుకుంటుంది. బిగుసుకుంది కదా అని పానా వేసి లాగితే, ఆ అల్యూమినియం రంధ్రంలో థ్రెడ్ పని అయిపోయినట్టే.

తేల్చేది పిచ్ గేజే. బోల్టుని కిరోసిన్‌లో నానబెట్టి, ఇత్తడి బ్రష్‌తో థ్రెడ్‌లోని మురికంతా తీసేయండి. గేజ్ ఆకుని థ్రెడ్ మీద ఆనించి, కిటికీ వెలుగుకి ఎదురుగా పట్టుకోండి. ఆకు పళ్లకీ థ్రెడ్‌కీ మధ్య ఎక్కడా వెలుగు కనబడకూడదు. మధ్యలో కలిసి, చివర్లలో సన్నటి వెలుగు గీత కనిపిస్తే అది ఆ ఆకు కాదు, పక్క ఆకు పెట్టి చూడండి. పిచ్ సరిపోయినా అడుగున మాత్రమే వెలుగు కనిపిస్తే కోణం తేడా ఉందన్నమాట.

7.85 ఎం.ఎం. లావున్న బోల్టు అనుకుందాం. 1.25 ఆకు పడితే ఎం8. అంగుళానికి 18 చుట్ల ఆకు, 55 డిగ్రీలది, పడితే బీఎస్‌డబ్ల్యూ. 22 పడితే బీఎస్‌ఎఫ్. 24 పడితే అమెరికన్ యూఎన్‌ఎఫ్. 26 పడితే సైకిల్ థ్రెడ్. ఈ చివరిదానితో జాగ్రత్త: 26 చుట్లంటే పిచ్ 0.977 ఎం.ఎం., మెట్రిక్ సన్న థ్రెడ్ ఎం8 పిచ్ 1.0. కంటికి రెండూ ఒకటే. నాలుగైదు చుట్ల మీద గేజ్ కూడా మోసం చేస్తుంది. పది పిచ్‌ల పొడవు వెర్నియర్‌తో కొలవండి. 9.77 వస్తే సైకిల్, 10 వస్తే మెట్రిక్.

పాడైన బోల్టు మీద ఇంత థ్రెడ్ మిగలకపోవచ్చు. అప్పుడు నట్టు లోపలికి దిగి కాపాడిన భాగం కోసం చూడండి, అక్కడి థ్రెడ్ కొత్తదానిలా ఉంటుంది. రంధ్రం కొలవాలంటే, థ్రెడ్ ఏమిటో కచ్చితంగా తెలిసిన బోల్టులు జాతికొకటి దగ్గర పెట్టుకుని, పానా లేకుండా వేళ్లతో తిప్పి చూడండి. అడుగు దాకా వేళ్లతోనే దిగినదే దాని జోడీ. 1/4 అంగుళం దగ్గర ఇంకో తిరకాసు ఉంది. బీఎస్‌ఎఫ్, సైకిల్ రెండూ 26 చుట్లే, కోణమే తేడా. వేళ్లతో దిగిపోతాయి కానీ అంచులు మాత్రమే ఆనుతాయి. తేలిక పనికి సర్దుకోవచ్చేమో గాని, బరువు మోసే చోట అలా కలపొద్దు.

ఎడమ చేతి థ్రెడ్ అనేది కూడా ఉంటుందని మర్చిపోకండి. బోల్టు నిలబెట్టి చూస్తే థ్రెడ్ కుడివైపుకి ఎక్కుతుంటే మామూలుది, ఎడమవైపుకి ఎక్కుతుంటే లెఫ్ట్ హ్యాండ్.

రెండో పని: బలం ఎంత కావాలి

తల మీద ముద్ర చూడండి. మెట్రిక్ అయితే 4.6, 8.8, 10.9, 12.9 అని ఉంటుంది. 8.8లో మొదటి 8 అంటే 800 మెగాపాస్కల్ లాగుడు బలం, రెండో 8 అంటే అందులో 80 శాతం దగ్గర సాగడం మొదలవుతుందని. అమెరికన్ అంగుళాల బోల్టుల మీద గీతలుంటాయి: మూడు గీతలు గ్రేడ్ 5, ఆరు గీతలు గ్రేడ్ 8. పాత ఇంగ్లిష్ బోల్టుల మీద అక్షరాలు కనిపిస్తాయి. ఆర్ అంటే చదరపు అంగుళానికి 45 టన్నులు, టీ అంటే 55. చాలా పాతవాటి మీద ఏ ముద్రా ఉండదు.

ముద్ర లేనప్పుడు అది చేసే పనిని బట్టి నిర్ణయించుకోవాలి. టూల్ బాక్స్ మూత, మడ్‌గార్డ్ లాంటి చోట మామూలు బోల్టు చాలు. ఇంజన్ మౌంటింగ్, ఫోర్క్ క్లాంప్, బ్రేక్ యాంకర్, యాక్సిల్ దగ్గర 8.8కి తగ్గకుండా తీసుకోండి. సిలిండర్ హెడ్ స్టడ్‌ల విషయంలో అసలు కొలతలు, అసలు బలమే కావాలి, అక్కడ ప్రయోగాలు వద్దు.

‘ఎందుకొచ్చిన గొడవ, 12.9 వేసేద్దాం’ అనేవాళ్లున్నారు. గట్టి స్టీలుకి ఎలక్ట్రోప్లేటింగ్ చేస్తే హైడ్రోజన్ లోపలికి చేరి పెళుసుబారుతుంది. బిగించిన మర్నాడో, వారానికో తల ఊడి కింద పడుతుంది. 10.9, ఆ పైన ఉన్నవాటికి ప్లేటింగ్ చేయిస్తే వెంటనే 200 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు వేడి చేసి హైడ్రోజన్ బయటికి పంపాలి. ఆ పని సరిగ్గా చేశారని నమ్మకం లేకపోతే ఆ బోల్టుకి ప్లేటింగ్ చేయించకండి, నల్లగానే ఉంచి నూనె రాయండి.

మెరుస్తుందని స్టీల్, అదే స్టెయిన్‌లెస్, వేసే ఫ్యాషన్ గురించి కూడా చెప్పాలి. మామూలుగా దొరికే ఏ2-70 బలం 700 మెగాపాస్కల్, అంటే 8.8 కన్నా తక్కువ. స్టెయిన్‌లెస్ బోల్టుకి స్టెయిన్‌లెస్ నట్టే బిగిస్తే ఒకదానికొకటి పట్టుకుపోయి, విప్పేటప్పుడు కోయాల్సి వస్తుంది. పైపై భాగాలకి వాడుకోండి, యాంటీ సీజ్ గ్రీజు రాసి. బ్రేక్ దగ్గరికి, యాక్సిల్ దగ్గరికి మాత్రం తీసుకురాకండి.

మూడో పని: చీటీ రాయడం

ఒక చిన్న కాగితం మీద ఇలా రాసుకోండి: ‘హెక్స్ బోల్టు, 5/16 బీఎస్‌ఎఫ్, 22 టీపీఐ, రైట్ హ్యాండ్, తల కింద నుంచి పొడవు 1 1/2 అంగుళం, అందులో థ్రెడ్ 3/4 అంగుళం, హైటెన్సిల్, జింక్ ప్లేటింగ్, 6 కావాలి.’ హెక్స్ అంటే ఆరు పలకల తల, టీపీఐ అంటే అంగుళానికి చుట్లు, హైటెన్సిల్ అంటే ఎక్కువ బలమున్నది. హెక్స్ బోల్టు పొడవు తల కింద నుంచి కొలుస్తారు. తల లోపలికి కూరుకుపోయే కౌంటర్‌సంక్ స్క్రూ పొడవు మాత్రం తలతో కలిపి.

థ్రెడ్ ఎంత వరకు ఉందన్నది వదిలేయకండి. రెండు పలకలు కలిసే చోట బోల్టు నున్నటి భాగం ఉండాలి. అక్కడ థ్రెడ్ ఉంటే, పలకలు పక్కకి జారి బోల్టుని కోయబోయినప్పుడు తట్టుకునే బలం తగ్గుతుంది. ఫుల్ థ్రెడ్ బోల్టు తెచ్చి ‘ఇది కూడా అంతే పొడవు కదా’ అని సరిపెట్టడం బుల్లెట్ ఫుట్‌రెస్ట్ దగ్గరా, ఇంజన్ ప్లేట్ల దగ్గరా చాలాసార్లు కనిపించే తప్పు. అవసరమైన దాని కన్నా పొడవైన నున్నటి భాగం ఉన్నది దొరికితే తీసుకుని థ్రెడ్ పెంచుకోవచ్చు, చివర కోసుకోవచ్చు. పొట్టిదాన్ని పొడిగించలేం.

నాలుగో పని: ఎక్కడ వెతకాలి

సికింద్రాబాద్ రాణీగంజ్‌తో మొదలుపెట్టండి. అక్కడ అన్నీ అమ్మే హార్డ్‌వేర్ షాపుల్లో అడగకుండా, ఒక్క బోల్టులు, నట్లే అమ్మే షాపుల్లో అడగాలి. ఉదయం షాపు తెరిచిన కాసేపటికి వెళ్తే మంచిది. మధ్యాహ్నం హోల్‌సేల్ లోడింగ్ హడావిడిలో ఆరు బోల్టుల కోసం ఎవరూ గోడౌన్‌కి వెళ్లరు. థ్రెడ్‌ని అక్కడ ‘చూడీ’ అంటారు, అంగుళంలో ఎనిమిదో వంతుని ‘సూత్’ అంటారు. ‘భయ్యా, ఢాయీ సూత్, బీఎస్‌ఎఫ్, హైటెన్సిల్’ అంటే 5/16 అని వాళ్లకి వెంటనే అర్థమవుతుంది. ‘పాత బుల్లెట్‌ది’ అంటే మాత్రం స్పేర్ పార్టుల షాపు చూపిస్తారు.

లేదన్నప్పుడు కదలకుండా ఇంకో ప్రశ్న అడగండి: ‘ఇంగ్లిష్ థ్రెడ్ మాల్ ఎవరు పెడతారు?’ ఆ వీధిలో పోటీ ఎంత ఉన్నా, తన దగ్గర లేని సరుకు ఎవరి దగ్గరుందో చెప్పడానికి ఎవరూ వెనకాడరు. నాకు దొరికినవాటిలో చాలావరకు ఇలా రెండో మనిషి, మూడో మనిషి దగ్గర దొరికినవే.

విజయవాడ వైపు వాళ్లు జవహర్ ఆటోనగర్‌లో చూడాలి. లారీలు, బాడీ బిల్డింగ్, లేత్ వర్క్‌షాపులు అన్నీ ఒకే చోట ఉండడం అక్కడి లాభం. పాత బండి భాగాల కోసమైతే చెన్నై పుదుపేట, ఢిల్లీ కరోల్‌బాగ్. కరోల్‌బాగ్‌లో బుల్లెట్ సామాన్ల షాపులు వరుసగా ఉంటాయి, ఫోటో పంపితే కొరియర్ చేసేవాళ్లు ఉన్నారు. అయితే అక్కడ దొరికే ‘ఫుల్ కిట్’ల మీద నాకు నమ్మకం తక్కువ. మెరుపు ఉంటుంది గాని తల మీద గ్రేడ్ ముద్ర ఉండదు. ముంబై నాగ్‌దేవి స్ట్రీట్ బోల్టుల వ్యాపారానికి పెద్ద అడ్డా. ఎవరైనా ముంబై వెళ్తుంటే చీటీ ఇచ్చి పంపండి.

తయారీ కావాలంటే పంజాబ్ లూధియానా, హర్యానా రోహ్‌తక్. లూధియానాలో సైకిళ్ల పరిశ్రమ ఉంది కాబట్టి 26 చుట్ల థ్రెడ్ అక్కడ కొత్త వస్తువేమీ కాదు. ఇండియామార్ట్‌లో ఫోన్ చేస్తే ముందు అడిగేది ‘ఎన్ని కిలోలు?’ అని. కిలోల లెక్క మనకి పనికిరాదు కాబట్టి శాంపిల్ ముక్కలు అడగండి. లేదా బుల్లెట్ క్లబ్‌లో పదిమంది కలిసి ఒకే ఆర్డర్ పెట్టండి.

ఇంగ్లండ్‌లో చుట్టాలుంటే అదొక పెద్ద దారి. అక్కడ పాత బైకులు, కార్లు బాగుచేసుకునేవాళ్లు లెక్కలేనంత మంది కాబట్టి బీఎస్‌ఎఫ్, సైకిల్ థ్రెడ్, బీఏ బోల్టులే అమ్మే షాపులు ఉన్నాయి, ఒకటీ రెండూ అయినా ఇస్తారు. కొరియర్‌లో తెప్పిస్తే పోస్టేజీ, కస్టమ్స్ కలిసి బోల్టు ధర కన్నా ఎక్కువవుతాయి. సంక్రాంతికి ఇంటికొచ్చే బావగారి చేతో, అక్కయ్య చేతో తెప్పించుకోవడం మేలు. చెకిన్ లగేజీలో పెట్టమనండి, బిల్లు కూడా ఉంచమనండి.

అయిదో పని: దొరక్కపోతే చేయించడం

ఎంత వెతికినా దొరకని స్టడ్‌లు, స్పిండిల్ నట్లు కొన్ని ఉంటాయి. వాటికి బాలానగర్, ఆటోనగర్ లాంటి చోట మంచి టర్నర్‌ని (లేత్ పనివాణ్ని) పట్టుకోవాలి. ‘ఒక బోల్టు చేసిపెట్టు అన్నా’ అని వదిలేసి రాకండి, మెటీరియల్ మీరే చెప్పండి. మామూలు స్టడ్‌కి ఈఎన్8 రకం స్టీలు, బరువు మోసే చోట హార్డెన్ చేసి టెంపర్ చేసిన ఈఎన్24 స్టీలు. ‘ఎంఎస్ రాడ్’తో, అంటే మెత్తటి మైల్డ్ స్టీల్ కడ్డీతో చేసేస్తానంటే వద్దనండి. అది చూడ్డానికి ఒకేలా ఉంటుంది, బిగించినప్పుడు సాగుతుంది.

టర్నర్‌ని అడగాల్సినవి రెండే. లేత్‌లో అంగుళాల థ్రెడ్ కొయ్యగలడా? 55 డిగ్రీల టూల్ ఉందా? లీడ్‌స్క్రూ (లేత్‌లో టూల్‌ని నడిపే పొడవాటి స్క్రూ) మెట్రిక్‌ది అయితే అంగుళాల థ్రెడ్‌కి 127 పళ్ల గేర్ కావాలి. పాత ఇంగ్లిష్ లేత్ ఉన్న షాపు దొరికితే ఈ సమస్యే ఉండదు. థ్రెడ్ ఆగిపోయే చోటా, తల కింద మూలలోనూ గుండ్రటి ఒంపు ఉంచమని చెప్పండి. నిటారు మూల ఉంటే పగులు అక్కడే మొదలవుతుంది. ఇంకొకటి, లేత్ మీద కోసిన థ్రెడ్ ఫ్యాక్టరీలో నొక్కి చేసిన రోల్డ్ థ్రెడ్ అంత గట్టిగా ఉండదు. అందుకే ఫ్రంట్ యాక్సిల్ లాంటివాటికి ముందు రెడీమేడ్‌దే వెతకండి.

రంధ్రంలో థ్రెడ్ పోయి ఉంటే, పెద్ద సైజు ట్యాప్ (రంధ్రంలో థ్రెడ్ కోసే పనిముట్టు) కొట్టించే ముందు హెలికాయిల్ గురించి ఆలోచించండి. స్టీలు తీగ చుట్టలా ఉండే ఈ ఇన్సర్ట్ విట్‌వర్త్, బీఎస్‌ఎఫ్ సైజుల్లో కూడా వస్తుంది. వేస్తే అసలు బోల్టే మళ్లీ వాడుకోవచ్చు, అల్యూమినియంలో పట్టు ముందుకన్నా బాగుంటుంది. 5/16 రంధ్రంలోకి నేరుగా ఎం8 ట్యాప్ దింపే పని మాత్రం ఎవరు చెప్పినా చేయించకండి. ఉన్న థ్రెడ్‌నీ కొత్త థ్రెడ్‌నీ కలిపి రెంటినీ పాడుచేస్తుంది.

చేతికొచ్చాక

బిగించే ముందు పది నిమిషాలు పరీక్షించండి. వెర్నియర్, పిచ్ గేజ్ మళ్లీ పెట్టండి, ఎందుకంటే బీఎస్‌ఎఫ్ అని చెప్పి యూఎన్‌ఎఫ్ ఇవ్వడం మామూలే. నట్టుని వేళ్లతో పూర్తిగా తిప్పండి. ఎక్కడైనా పట్టినట్టు అనిపిస్తే చేత్తోనే వెనక్కి తీసి శుభ్రం చేసి చూడండి. తల మీద ముద్ర లేని ‘హైటెన్సిల్’ మీద అనుమానముంటే, హీట్ ట్రీట్‌మెంట్ చేసే యూనిట్‌లో గట్టిదనం కొలిచే రాక్‌వెల్ మిషన్ మీద ఒకటి పరీక్ష చేయించండి. 8.8 అయితే సి స్కేల్ మీద 22 నుంచి 32 మధ్య, 10.9 అయితే 32 నుంచి 39 మధ్య చూపించాలి. ఆరు తెచ్చుకుని ఒకటి పరీక్షకి పోగొట్టుకున్నా నష్టం లేదు.

అందుకే కావలసిన వాటి కన్నా రెండో మూడో ఎక్కువ కొనండి. మిగిలినవి జిప్ కవర్‌లో వేసి, మీరు రాసిన చీటీ, షాపు విజిటింగ్ కార్డు అందులోనే పెట్టండి. కవర్ మీద బండిలో ఏ భాగానిదో కూడా రాయండి, మళ్లీ ఇంజన్ విప్పేది మీరో మీ అబ్బాయో తెలియదు కదా.